పదును మీద ఇంజిన్ లైటు వెలిగితే ఏం చేయాలి

మాది అనంతపురం జిల్లా, ఉరవకొండ వైపు నల్లరేగడి పల్లె. మాకు రెండు ట్రాక్టర్లున్నాయి. ఒకటి మా నాయన కొన్న పాత బండి, అంతా మెకానికల్. రెండోది 55 హెచ్‌పీ, సీఆర్‌డీఐ ఇంజిన్ (కంప్యూటర్ నడిపే కామన్ రైల్ డీజిల్ ఇంజిన్), 2023లో తీసుకున్నాను. సొంత సేద్యం పోను మిగతా రోజుల్లో బాడుగకు తోలుతాం. ఇంజిన్‌లో కంప్యూటర్ ఉంటే దాంతో ఎలా మెలగాలో ఈ రెండో బండి వచ్చాకే నేర్చుకున్నాను. ఆ చదువుకు మూడు రోజుల పదును (విత్తడానికి సరిపడా తేమ నేలలో నిలిచే రోజులు), తొమ్మిది వేల రూపాయలు ఖర్చయ్యాయి. ఇంకొకరికి అలా కాకూడదని ఇది రాస్తున్నా.

బండి కొన్న మరుసటి ఏడాది అక్టోబరులో పప్పుశనగ విత్తనానికి మంచి వాన పడింది. నల్లరేగడిలో కాలు దిగకుండా ఆరడానికి రెండు మూడు రోజులు ఆగాలి. ఆరాక పదును నిలిచేది నాలుగైదు రోజులే. మొదటి రోజు పొద్దున్నే డ్రైవర్ ఫోన్ చేశాడు. “అన్నా, లైటు ఎలగతాంది. బండి గుంజడం లే. ఎంత తొక్కినా పదిహేను నూర్ల కాడే నిలబడతాంది.” అంటే ఇంజిన్ నిమిషానికి పదిహేను వందల చుట్లు దాటడం లేదు.

తెలిసిన మెకానిక్‌ను పిలిపించాను. ఆయన ఇంజిన్ కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ పెట్టి చూసి, “రైల్ ప్రెషర్ సెన్సార్ పోయింటాది, ఏపిచ్చుకో” అన్నాడు. డీజిల్ ఒత్తిడి కొలిచే ఆ సెన్సార్ అనంతపురం నుంచి తెప్పించి వేయించాను. షెడ్డులో బ్రహ్మాండంగా నడిచింది. చేనులో రెండో సాలు తిరిగేసరికి మళ్లీ అదే లైటు. మూడో రోజు గుంతకల్లులో లారీల వైరింగ్ చేసే పెద్దాయన ఒకరు వచ్చారు. ఆయన ఏ సెన్సారూ విప్పలేదు. ఇంజిన్ నుంచి వచ్చే తీగల కట్టను వేళ్లతో తడుముతూ పోయి, డీజిల్ ట్యాంకు బ్రాకెట్ దగ్గర ఆగారు. అక్కడ ఒక తీగ పైతోలు రాసుకుపోయి రాగి కనిపిస్తోంది. బండి కుదుపుకు ఆ రాగి ఇనుముకు తగిలినప్పుడల్లా ఇంజిన్ బలం తగ్గిపోతోంది. షెడ్డులో కుదుపు లేదు కాబట్టి లైటు రాలేదు. తీగకు తొడుగు వేసి, బ్రాకెట్‌కు దూరంగా క్లిప్పు కట్టారు. అంతే. అప్పటికి పదును ఆరిపోయింది. ఆ ఏడాది ఆరు ఎకరాలు బీడు పడ్డాయి.

మొదటి రోజే డ్యాష్‌బోర్డు మీద 157, 4 అని రెండు అంకెలు వచ్చాయి. రెండో అంకె నాకు చదవడం వచ్చి ఉంటే, ముందు తీగ చూసేవాణ్ని.

ఈ కంప్యూటర్ డబ్బాకు ఏం తెలుసు

పొగ తగ్గించే ట్రెమ్ 4 నిబంధనలు 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అందుకే ఆ పై బండ్లలో పాత పంపు పోయి కామన్ రైల్ వచ్చింది. పాత బండిలో ఆ పంపు డీజిల్‌ను కొలిచి, సిలిండర్‌లోకి చిమ్మే ఒక్కో ఇంజెక్టర్‌కు పంపేది, గవర్నర్ స్ప్రింగు దాన్ని అదుపు చేసేది. కొత్త బండిలో పంపు ఒత్తిడి మాత్రమే పుట్టిస్తుంది. ఆ డీజిల్ రైల్ అనే లావు గొట్టంలో నిలబడి ఉంటుంది. ఏ ఇంజెక్టర్ ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు తెరుచుకోవాలి అనేది ఈసీయూ అనే కంప్యూటర్ డబ్బా కరెంటుతో నిర్ణయిస్తుంది.

ఆ డబ్బాకు చేను కనిపించదు, ఇంజిన్ మోత వినిపించదు. సెన్సార్ల నుంచి తీగల్లో వచ్చే వోల్టేజీ ఒక్కటే దానికి తెలుసు. నీళ్ల వేడి, ఆయిల్ ప్రెషర్, రైల్ ఒత్తిడి, క్రాంక్ తిరిగే వేగం, మనం తొక్కిన యాక్సిలరేటర్, అన్నీ దానికి వోల్టేజీలే. తీగ తెగినా, కనెక్టర్‌లో చిలుం పట్టినా అదీ దానికి ఒక కబురే. ఆ కబురు నమ్మదగ్గట్టు లేకపోతే, ఇంజిన్ చెడిపోకుండా బలం తగ్గించేస్తుంది. బండి ఇల్లు చేరేంత మాత్రమే మిగులుస్తుంది. ఆ బలంతో దున్నాలని చూడకండి.

ఎర్ర లైట్లు

తాళం తిప్పి స్టార్ట్ చేయకముందు అన్ని లైట్లూ కొన్ని సెకన్లు వెలగాలి. ఆయిల్, బ్యాటరీ లైట్లు ఇంజిన్ అందుకునేదాకా ఉంటాయి. ఆ సమయంలో ఏదైనా లైటు వెలగలేదంటే అది చచ్చిపోయింది, లేదా ఎవరో పీకేశారు. రోజూ పొద్దున ఈ ఒక్క క్షణం డ్యాష్‌బోర్డు వైపు చూడండి. పాత బండి కొనేటప్పుడైతే తప్పకుండా చూడండి. ఎర్ర లైటు చికాకు పెడుతోందని తీగ తీసేసి అమ్మిన బండి మా ఊరికే ఒకటి వచ్చింది.

నూనె చుక్క కారుతున్న ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే, వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఈ సాలు చివరిదాకా పోనీ అనుకోకూడదు. ప్రెషర్ లేకపోతే క్రాంక్ బేరింగుల మధ్య నూనె పొర నిలవదు, ఇనుము మీద ఇనుము రాస్తుంది. పది నిమిషాలు ఆగి, బండి సమంగా ఉన్నచోట డిప్‌స్టిక్ చూడండి. నూనె తక్కువుంటే పోయండి, ఎక్కడ కారుతోందో వెతకండి. నూనె సరిగ్గానే ఉంటే మళ్లీ స్టార్ట్ చేయవద్దు. లోపం సెన్సార్‌దా పంపుదా అనేది ప్రెషర్ గేజీ పెట్టి చూశాకే తేలాలి.

నీళ్ల వేడి లైటుకు చేయాల్సింది దీనికి దాదాపు వ్యతిరేకం. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంజిన్ ఠక్కున ఆపేస్తే నీళ్లు తిరగడం ఆగిపోయి, లోపలి వేడి హెడ్‌లోనే నిలుస్తుంది. ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బోకు నూనె అందడం కూడా ఆగిపోతుంది. అందుకని పనిముట్టు పైకెత్తండి, పనిముట్టును తిప్పే పీటీఓ తీసేయండి, న్యూట్రల్‌లో తక్కువ స్పీడులో రెండు మూడు నిమిషాలు తిరగనివ్వండి. వేడి చూపే ముల్లు కిందికి దిగాక ఆపండి. నీళ్లు కారిపోయినా, ఆవిరి తన్నుతున్నా, ఫ్యాన్ బెల్టు తెగినా మాత్రం వెంటనే ఆపాలి. రేడియేటర్ మూత చల్లారేదాకా ముట్టుకోవద్దు.

బ్యాటరీ లైటు, వేడి లైటు ఒకేసారి వచ్చాయంటే ముందు బెల్టు చూడండి. చాలా బండ్లలో ఆల్టర్నేటర్, వాటర్ పంపు ఒకే బెల్టు మీద తిరుగుతాయి. బ్యాటరీ లైటు ఒక్కటే వస్తే ఇంటి దారి పట్టండి. పాత బండి బ్యాటరీ లేకుండా కూడా తిరిగేది. కొత్త బండిలో ఈసీయూకు కరెంటు అందకపోతే నడిచే ఇంజిన్ కూడా ఆగిపోతుంది.

మన వైపు వేడి లైటుకు పెద్ద కారణం రేడియేటర్ ముందు జాలీ. చెనక్కాయ నూర్పిడి రోజున థ్రెషర్ దుమ్ము, ఎండాకు పొడి గంటలో జాలీని మూసేస్తాయి. మేం రెండు గంటలకొకసారి ఆపి దులుపుతాం. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ వైపు నుంచి బయటికి, రెక్కలు వంగకుండా తక్కువ ఒత్తిడితో కొట్టాలి. బోరు నీళ్లు రేడియేటర్‌లో పోయకండి. మన ఉప్పు నీళ్లకు లోపల గార కడుతుంది, ఆ గార సెన్సార్ మొన మీద కూడా పేరుతుంది. కూలెంట్ వాడండి.

రెండు అంకెలు చదవడం

పసుపు రంగులో ఇంజిన్ బొమ్మ వెలిగితే కంగారు పడాల్సిన పని లేదు, అలాగని వదిలేయనూ కూడదు. తాళం ఆఫ్ చేయకముందే ఫోనుతో డ్యాష్‌బోర్డు ఫోటో తీయండి. తాళం తీశాక కొన్ని బండ్లలో ఆ అంకెలు మళ్లీ దొరకవు.

మా బండి తెర మీద వచ్చేవి ఎస్‌పీఎన్, ఎఫ్‌ఎంఐ అనే రెండు అంకెలు. ఇది జే1939 అనే పద్ధతి. లారీలు, ప్రొక్లెయినర్లలోనూ ఇదే ఉంటుంది. మొదటి అంకె ఎక్కడ అని చెబుతుంది. 100 అంటే ఆయిల్ ప్రెషర్. 110 అంటే నీళ్ల వేడి. 97 అంటే డీజిల్‌లో నీళ్లు. 157 రైల్ ఒత్తిడి, 91 యాక్సిలరేటర్ పెడల్, 190 ఇంజిన్ వేగం, 168 బ్యాటరీ. 651 నుంచి 654 దాకా వరుసగా నాలుగు సిలిండర్ల ఇంజెక్టర్లు.

రెండో అంకె ఏమైంది అని చెబుతుంది. అసలు విలువ అందులోనే ఉంది. 0 వస్తే కొలత నిజంగానే ప్రమాదకరంగా ఎక్కువైంది, 1 వస్తే ప్రమాదకరంగా తగ్గింది అని అర్థం. 3 వస్తే తీగలో వోల్టేజీ ఉండాల్సిన దానికంటే ఎక్కువ, 4 వస్తే తక్కువ. 5 వస్తే కరెంటు సరిగా పారడం లేదు, దారి తెగింది. 2 వస్తే కొలత నిలకడగా లేదు.

ఇప్పుడు 110, 0 చూడండి. ఇంజిన్ నిజంగానే కాగుతోంది, జాలీ, నీళ్లు, బెల్టు చూడాలి. అదే 110, 3 వచ్చిందనుకోండి. ఇంజిన్ చల్లగానే ఉండొచ్చు. సెన్సార్ కనెక్టర్ ఊడినా, తీగ తెగినా ఇలాగే వస్తుంది. 110, 4 అంటే ఆ తీగ ఎక్కడో ఇనుముకు తగిలింది, లేదా సెన్సార్ లోపల షార్ట్ అయింది. లైటు ఒకటే, మొదటి అంకె ఒకటే, పని మాత్రం మూడు రకాలు. నాకు వచ్చిన 157, 4 కూడా ఇలాంటిదే. రాగి బ్రాకెట్‌కు తగిలి వోల్టేజీ పడిపోయింది.

100, 1 వచ్చినప్పుడు మాత్రం తీగ సంగతి ఆలోచించకుండా ఇంజిన్ ఆపండి.

కొన్ని కంపెనీల బండ్లు వేరే అక్షరాలతో చూపిస్తాయి, కొన్నింటిలో లైటు ఎన్నిసార్లు మిణుకుమంటోందో లెక్కపెట్టాలి. మీ బండి పుస్తకంలో ఆ పేజీని ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. ఏ స్కానరైనా సరే, అంకెలు రాసుకోకముందు “క్లియర్” చేయనివ్వకండి. బ్యాటరీ తీగ పీకి పెడితే లైటు పోతుందని కొందరు చెబుతారు. పోయేది లైటే, లోపం అక్కడే ఉంటుంది.

మీటరు పట్టుకుంటే

నాలుగైదు వందల రూపాయల డిజిటల్ మల్టీమీటర్ చాలు. ఇది టూల్ బాక్సులో ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఏ అంకె వచ్చినా ముందు బ్యాటరీ చూస్తాను. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీకి 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10కి బాగా కిందికి పడిపోతుంటే ఈసీయూ మధ్యలో తడబడి, లేని లోపాలు కూడా చూపిస్తుంది. ఒకేసారి నాలుగైదు కోడ్‌లు వచ్చాయంటే సెన్సార్లన్నీ ఒకేరోజు చచ్చాయని నమ్మకండి.

తర్వాత ఎర్త్. మీటరు ఒక తీగ బ్యాటరీ మైనస్ కొనకు, రెండోది ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని ఇనుముకు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ తీగ వదులైంది, లేదా చిలుం పట్టింది. విప్పి, ఇసుక కాగితంతో రుద్ది బిగించండి.

తర్వాత సెన్సార్ కనెక్టర్. తాళం తీసి, కనెక్టర్ నాలుకను నొక్కి ఊడదీయండి, లాగకండి. లోపల పచ్చగా ఉందా, పిన్ను వంగిందా, నూనె నిండిందా చూడండి. రైల్ ప్రెషర్ వంటి మూడు తీగల సెన్సార్ అయితే తాళం ఆన్ చేసి కనెక్టర్ పిన్నులు కొలిస్తే ఒకదాంట్లో 5 వోల్టులు కనిపించాలి. ఆ 5 రాకపోతే కొత్త సెన్సార్ వేసినా దండగే. ఒకే 5 వోల్టుల లైను చాలా బండ్లలో రెండు మూడు సెన్సార్లకు పోతుంది. వాటిలో ఒకటి షార్ట్ అయితే మిగతావాటికీ కరెంటు పడిపోతుంది. అప్పుడు ఒక్కో సెన్సార్ ఊడదీస్తూ పోండి. ఏది తీసినప్పుడు 5 తిరిగి వస్తుందో తప్పు దానిది.

ఇవన్నీ బాగుంటే, ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి తీగల కట్టను జానెడు జానెడు కదుపుతూ పోండి. చేయి ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా ఉండాలి. ఒకరు డ్యాష్‌బోర్డు చూస్తుండాలి. ఎక్కడ కదిపితే లైటు వస్తుందో, ఇంజిన్ గొంతు మారుతుందో, అక్కడ విప్పి చూడండి. బ్రాకెట్ అంచులు, క్లిప్పు ఊడిన చోట్లు, సైలెన్సర్ దగ్గర వేడి తగిలే చోట్లు ముందు చూడాలి. చెనక్కాయ మూటలు, విత్తనాల బస్తాలు పెట్టే కొట్టంలోనే బండి నిలిపితే ఎలుకలు తీగలు కొరుకుతాయి. నేను ఇప్పుడు బండిని విడిగా నిలుపుతున్నా.

రెండు జాగ్రత్తలు. బల్బు కట్టిన టెస్టరుతో ఈసీయూ తీగలు పరీక్షించవద్దు. బల్బు లాగే కరెంటు లోపలి సర్క్యూట్ తట్టుకోలేదు. తీగలోకి సూది గుచ్చి కూడా చూడవద్దు. ఆ చిల్లులోంచి తేమ పోయి ఆరునెలలకు లోపల రాగి కుళ్లిపోతుంది.

డీజిల్

ఈ ఇంజిన్లలో రైల్ ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. అంత ఒత్తిడి పుట్టించే పంపుకు డీజిలే కందెన. నీళ్లు పోతే పంపు లోపలే గీసుకుపోతుంది, ఆ రజను రైలులోకి, ఇంజెక్టర్లలోకి పోతుంది. 97 వచ్చిందంటే ఫిల్టర్ కింద గిన్నెలో నీళ్లు నిండాయని అర్థం. అక్కడికక్కడే ఆపి, కింద మర వదులు చేసి, నీళ్లు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి.

మేం చేను దగ్గర డ్రమ్ములో డీజిల్ పెట్టుకుంటాం, చాలామంది అంతే. డ్రమ్మును ఒక రాత్రి కదపకుండా ఉంచి, అడుగున నాలుగు వేళ్ల డీజిల్ వదిలి పైది మాత్రమే తోడండి. సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపండి. ఖాళీ ట్యాంకులో చలి రాత్రుల్లో గాలిలోని తేమ నీళ్లై దిగుతుంది. కిరోసిన్ ఒక్క లీటరు కూడా కలపవద్దు.

ఫిల్టర్ మార్చేటప్పుడు పాత అలవాటుగా కొత్త ఫిల్టర్‌లో పైనుంచి డీజిల్ పోసి బిగిస్తాం. ఈ ఇంజిన్లలో పంపుకు ముందుండే ఆఖరి ఫిల్టర్‌కు అలా చేయకూడదు. వడకట్టని డీజిల్ నేరుగా పంపులోకి పోతుంది. ఖాళీగా బిగించి చేతి పంపుతో నింపాలి. బజారులో సగం ధరకు దొరికే ఫిల్టర్ల గురించి నా మాట ఒక్కటే, వద్దు.

పాత బండి అలవాట్లు

ఏ సిలిండర్ కొట్టడం లేదో తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసేవాళ్లం. కామన్ రైల్ మీద ఈ పని ప్రాణాంతకం. సన్నని ధార చర్మాన్ని కోసుకుని లోపలికి డీజిల్‌ను ఎక్కిస్తుంది. పైకి సూది గుచ్చినంత గాటే ఉంటుంది, నొప్పి కూడా మొదట తెలియదు, గంటల్లో చేయి తీసేయాల్సిన స్థితి రావచ్చు. అలాంటిది జరిగితే పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోయి, ఒత్తిడి డీజిల్ చర్మం లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పండి. లీకు ఉందేమో చూడాలంటే చేయి కాదు, అట్టముక్క పెట్టి చూడండి.

వెల్డింగ్ ఇంకో పెద్ద తప్పు. గొర్రు చట్రం విరిగితే బండికి తగిలించి ఉండగానే వెల్డింగ్ చేయిస్తాం. ఆ కరెంటు బండి ఒళ్లంతా పారి ఈసీయూను కాల్చేయగలదు. పనిముట్టును విప్పి దూరంగా పెట్టి చేయించండి. బండి మీదే చేయక తప్పకపోతే బ్యాటరీ రెండు తీగలూ తీసి, ఈసీయూ కనెక్టర్లు ఊడదీసి, వెల్డింగ్ ఎర్త్‌ను అతికే చోటుకు పక్కనే బిగించండి.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ తీయకండి, ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగసిపోతుంది. వేరే బండి బ్యాటరీతో స్టార్ట్ చేసేటప్పుడు ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోండి. సర్వీసింగ్‌లో ప్రెషర్ నీళ్లు ఈసీయూ మీద, కనెక్టర్ల మీద కొట్టనివ్వకండి. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే స్విచ్‌ను తీగతో కలిపేసి నడిపే వాళ్లున్నారు. గేరులో ఉన్న బండిని కింద నిలబడి స్టార్ట్ చేస్తే పెద్ద చక్రం ఎక్కేది మనమీదే. ఆ తీగ ఈరోజే తీసేయండి.

పొగ ఫిల్టర్ ఉన్న బండ్లలో మసి కాల్చే లైటు వస్తే, ఆ సమయంలో సైలెన్సర్ బాగా కాగుతుంది. వాముల దగ్గర, చెనక్కాయ కట్టె మీద నిలపకుండా ఉత్త నేల మీద పెట్టి పుస్తకంలో చెప్పినట్టు పూర్తికానివ్వండి. పొగను శుభ్రం చేయడానికి యూరియా ద్రవం పోసే బండి అయితే 32.5 శాతం ద్రావణం డబ్బాలో దొరికేదే పోయండి, చేనుకు చల్లే యూరియా బోరు నీళ్లలో కలిపి కాదు.

ఇవన్నీ చేతితో చూసి నేర్చుకోవాలనుకుంటే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. రైతులకు యంత్రాల వాడకం, సంరక్షణ మీద శిక్షణ ఇస్తారు. కుర్ర డ్రైవర్లను పంపించండి.

ఇక మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు “లైటొచ్చింది, రా అన్నా” అంటే ఆయనకు ఏమీ తెలియదు. లైటు రంగు, రెండు అంకెలు, ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగింది, ఏ పనిలో ఉంది, నిలబడ్డప్పుడు వచ్చిందా కుదుపులో వచ్చిందా, బ్యాటరీ వోల్టేజీ ఎంత, ఇవి చెప్పండి. మా బండిలో సీటు కింద డబ్బాలో ప్లాస్టిక్ కవరులో ఒక నోటు పుస్తకం పెట్టాను. లైటు వచ్చిన ప్రతిసారీ డ్రైవర్ ఇవన్నీ అందులో రాస్తాడు. పెన్ను దుమ్ముకు ఆగిపోతుంది, పెన్సిల్ పెట్టండి.